పక్క గదికి వచ్చిన పిల్ల

ఆ రెండేళ్ళ కాలేజీలో ఆవిడ అసలు పేరు తెలిసినవాళ్ళు తక్కువ. అందరూ సిగ్నల్ మేడం అనేవారు. ఎవరైనా విద్యార్థి గదిలోకి అడుగుపెడుతూనే "మేడం, నన్ను కంప్యూటర్ కోర్సులో పడేయండి, మా బావ అందులోనే ఉన్నాడు" అని గబగబా మొదలుపెడితే, ఆవిడ అరచెయ్యి చూపించి ఆపేది. ఆ చెయ్యి చూడగానే ఎంతటి తొందరగాడైనా కుర్చీలో కూలబడేవాడు. బావ సంగతి అయిపోయి సొంత సంగతి మొదలయ్యాక ఆ చెయ్యి మెల్లగా కిందికి దిగేది.

ఆ కాలేజీకి వచ్చేవాళ్ళు రకరకాలవాళ్ళు. పగలు దుకాణంలో నిలబడి సాయంత్రం క్లాసులకి వచ్చేవాళ్ళు, చంటిబిడ్డని అత్తగారి దగ్గర వదిలి వచ్చేవాళ్ళు, ఒకసారి చదువు మానేసి మళ్ళీ ధైర్యం తెచ్చుకున్నవాళ్ళు. ఇక్కడ రెండేళ్ళు చదివితే కొందరు నేరుగా పనిలో చేరతారు, కొందరు యూనివర్సిటీలో మూడో ఏడులో చేరి మిగతా చదువు పూర్తిచేస్తారు. ఎవరికి ఏ దారి బాగుంటుందో, ఆ దారికి ఏ పాఠాలు ఎప్పుడు చదవాలో కూర్చోబెట్టి చెప్పడం ఆవిడ ఉద్యోగం. వరండా చివర ఒక గదిని ప్లైవుడ్ అడ్డగోడతో రెండు చేశారు. ఇవతల ఈవిడ, అవతల ఈమధ్యే ఉద్యోగంలో చేరిన కుర్ర సలహాదారు, ఒక అమ్మాయి. అడ్డగోడ పైకప్పు దాకా లేదు. అవతల ఎవరైనా తుమ్మితే ఇవతలనుంచి "చిరంజీవ" అనవచ్చు.

ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషని ఆవిడకి పేరు. ఆ మాట నిజంగానే నిజమైన రోజొకటి ఉంది. లిఫ్టులు బాగుచేసే మెకానిక్ ఒకాయన వచ్చి, మామగారు చెప్పారని అకౌంట్స్ చదువుతానన్నాడు. ఆవిడ విన్నది. మాటల్లో మాటగా, ఒకసారి నిండు గర్భిణి లిఫ్టులో ఇరుక్కుపోతే తలుపు తెరుచుకునేదాకా ఆమెతో కబుర్లు చెబుతూ కూర్చున్న సంగతి చెప్పాడాయన. అంతా అయ్యాక ఆవిడ అంది: "అకౌంట్స్ గురించి చెబుతున్నంతసేపూ ఆవలిస్తూనే ఉన్నారు. ఆ అమ్మాయి సంగతి చెప్పేటప్పుడు కుర్చీ అంచుకొచ్చి కూచున్నారు. నర్సింగ్ గురించి ఎప్పుడైనా అనుకున్నారా?" ఆయన తెల్లమొహం వేశాడు. తరవాత నర్సింగ్‌లోనే చేరాడు. ఆసుపత్రి యూనిఫాం మొదటిసారి వేసుకున్న రోజున అది చూపించడానికి పనిగట్టుకుని కాలేజీకి వచ్చాడు.

ఇలాంటివాళ్ళు వచ్చి వెళ్ళినప్పుడల్లా ఆవిడ మనసు ఒక్క క్షణం వెలిగి, వెంటనే చివుక్కుమనేది. పరాయివాళ్ళందరూ ఆ కుర్చీలో కూర్చుని మనసు విప్పి వెళ్ళారు. కన్నకూతురు ఒక్కనాడూ ఆ కుర్చీలో కూర్చోలేదు.

ఒక్కతే కూతురు. తండ్రి ముద్దుగా పిచ్చుక అనేవాడు. ఇంట్లో అదే పేరైపోయింది. చిన్నప్పుడు ఏ వస్తువూ ఉన్నది ఉన్నట్టు ఉంచేది కాదు. గొడుగు గుడ్డ విప్పేసి మళ్ళీ కుట్టేది. బడిసంచికి జేబు మీద జేబు పెట్టేది. తల్లి దాన్ని అల్లరి అనుకుంది. బడి చదువు పూర్తికాగానే వంటింటి గోడమీద పెద్ద కాగితం అంటించి, రంగు రంగు గళ్ళు గీసి, ఫార్మసీ చదువు ఏ ఏడు ఏమిటో రాసిపెట్టింది. అంత చక్కటి ప్రణాళిక ఆవిడ ఏ విద్యార్థికీ వేసి ఉండదు. పిల్ల తలూపింది.

మొదటి ఏడాది గట్టెక్కింది. రెండో ఏడు పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని బయల్దేరడం, ఫార్మసీ కాలేజీ మొహం చూడకుండా ఊరికి ఆ చివరనున్న పిన్ని దుకాణానికి పోవడం. పిన్ని అంటే ఆవిడ సొంత చెల్లెలే. సోఫాలకీ కారు సీట్లకీ కొత్త తొడుగులు వేసే దుకాణం నడిపేది. సంగతి బయటపడ్డ రోజున ఇంట్లో పెద్ద రభస అయింది.

"ఎందుకు చెప్పలేదే?" అంది తల్లి.

"నువ్వు అడగలేదుగా."

"కాలేజీకి పోతున్నావా లేదా అని రోజూ అడగాలా?"

"అది కాదు. నీ కాలేజీలో ముక్కూ మొహం తెలీనివాళ్ళని కూచోబెట్టి గంటలు గంటలు వింటావట. అందరూ చెప్పుకుంటారు. నన్నెప్పుడైనా విన్నావా అమ్మా?"

"నీ గురించి నాకు తెలీనిదేముందే, నిన్ను కన్నదాన్ని!"

"అదే మరి" అంది పిచ్చుక. ఆ తరవాత ఇంకో మాట అనలేదు. అరిచి ఉంటే బాగుండేదని ఆవిడ ఎన్నిసార్లు అనుకుందో.

ఆ వారంలోనే పిల్ల బట్టలు సర్దుకుని పిన్ని ఇంటికి వెళ్ళిపోయింది. రాకపోకలు పూర్తిగా తెగిపోలేదు. చుట్టాల పెళ్ళిళ్ళలో కనబడితే "బాగున్నావా?" "బాగున్నాను, నువ్వు?" అని ఇరుగుపొరుగువాళ్ళలా పలకరించుకునేవారు. అంతకుమించి ఒక్క మాట తల్లి నోట్లోంచి వచ్చేది కాదు. వస్తే ఏది తప్పుగా పడుతుందోనని భయం.

ఆదివారాలు తండ్రి వెళ్ళి కూతుర్ని చూసి వచ్చేవాడు. ఆయన కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు బిగించే పనివాడు. వెంట్రుకవాసి తేడాని కూడా పసిగట్టే ఆ కళ్ళు కూతురి దగ్గర మాత్రం ఏమీ చూసేవి కావు.

"ఎలా ఉందండీ?" అని గుమ్మంలోనే అడిగేదావిడ.

"బానే ఉంది."

"చిక్కిందా?"

"లేదు."

"లావైందా?"

"లేదు."

"మరి ఎలా ఉంది?"

"పిచ్చుకలా ఉంది."

"జుట్టు కత్తిరించుకుందని చెల్లెలు చెప్పింది. ఎంతవరకు?"

ఆయన చాలాసేపు ఆలోచించేవాడు. "జుట్టయితే ఉంది" అనేవాడు చివరికి.

ఆవిడకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేవి. ఇక లాభం లేదని, కొన్ని సాయంత్రాలు కాలేజీ నుంచి ఇంటికి వచ్చే బస్సు వదిలేసి చుట్టూ తిరిగి పోయే బస్సెక్కేది. అది చెల్లెలి దుకాణం ముందునుంచి పోతుంది. కిటికీ పక్కన సీటు దొరికేదాకా బస్సులు వదులుకునేది. దుకాణం తలుపులు బార్లా తీసి ఉండేవి. లోపల ట్యూబ్‌లైటు కింద, తిరగేసిన సోఫా మీదికి వంగి, పెదవుల మధ్య చిన్న మేకులు పట్టుకుని, సుత్తితో టకటకమని కొడుతూ పిచ్చుక. అది కనబడేది రెప్పపాటు. ఎదర ట్రాఫిక్ ఆగితే ఇంకాస్తసేపు. ఆ ఒక్క చూపు కోసం ఊరంతా చుట్టివచ్చి, ఇంటి దగ్గర దిగేసరికి భర్త తాళం తీసి టీ పెట్టి ఉండేవాడు. ఆలస్యమెందుకయిందని ఆయన ఎప్పుడూ అడగలేదు.

అలా ఏళ్ళు గడిచాయి. వంటింటి గోడమీది కాగితాన్ని ఆవిడ ఎప్పుడో తీసేసింది. అది ఉన్నచోట రంగు వెలిసిపోక, గోడ చదరంగా మెరుస్తూ ఉండిపోయింది. భర్త గోడలకి సున్నం వేయిస్తానంటే ఇప్పుడొద్దని వాయిదా వేస్తూ వచ్చింది.

అడ్మిషన్ల రోజులవి. మామూలుగా మధ్యాహ్నం భోజనానికి ఆవిడ కింది అంతస్తుకి వెళ్ళేది. ఆ రోజు తల నొప్పిగా ఉండి, తలుపు దగ్గరగా వేసి, బల్లమీద తల ఆనించి కూర్చుంది. అడ్డగోడ అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది.

"కూచోండి. మన కాలేజీ గురించి ఎలా తెలిసింది?" అంది కుర్ర సలహాదారు.

"ఈ కోర్సు ఊళ్ళో ఇక్కడే ఉందన్నారండీ."

ఆవిడ కళ్ళు తెరిచింది. ఆ గొంతు వేయిమందిలో ఉన్నా పోల్చుకోగలదు. తన భోజనం వేళ తెలిసే ఈ వేళకి వచ్చి ఉంటుందని కూడా ఆ వెంటనే అర్థమైంది.

"ఇదివరకు ఫార్మసీ ఒక ఏడాది చదివి మానేశానండీ. ఇప్పుడు కృత్రిమ కాళ్ళూ చేతులూ తయారుచేయడం నేర్చుకోవాలని ఉంది."

"ఎవరూ అడగరే ఆ కోర్సు! ఎలా కలిగిందండీ ఆలోచన?"

"మా పిన్ని దుకాణానికి ఒక తాతగారు వచ్చారండీ. చేతిలో పెద్ద సంచి. ఏదో కుషన్ తెచ్చారనుకున్నా. సంచిలోంచి కాలు తీసి బల్లమీద పెట్టారు. నేను కెవ్వుమన్నాను. ఆయన నవ్వేసి, 'భయపడకమ్మా, ఎవరిదో కాదు, నాదే' అన్నారు."

అవతల ఇద్దరూ నవ్వారు. ఇవతల ఆవిడ తల ఎత్తింది. పిచ్చుక నవ్వు విని ఎన్నాళ్ళయిందో. చెవులు రిక్కించింది.

"తోలు బెల్టు తెగిందని కుట్టించుకోడానికి వచ్చారు. కుట్టాను. లోపల మెత్త అరిగిపోయి గట్టిగా ఉందండీ. ఎక్కడ నొప్పి పెడుతుందని అడిగితే, 'ఇన్నేళ్ళలో నన్నెవరూ ఆ మాట అడగలేదు' అన్నారు. కారు సీట్లకి వేసే మెత్తటి తోలు ఉంటే అది వేసి కుట్టిచ్చాను. ఆయన తొడుక్కుని దుకాణంలోనే నాలుగడుగులు వేశారు. వేసి, ఆగి, నొప్పి వస్తుందేమోనని కాసేపు అలా నిలబడ్డారండీ. అది రాలేదు. ఆ మొహం... ఎలా చెప్పాలో తెలీట్లేదు. ఆ రోజునుంచి నాకు సోఫాల మీద మనసు నిలవట్లేదు."

ఆవిడ చెంపలు తడిశాయి. గొడుగు విప్పి కుట్టిన పిల్ల, సంచికి జేబు మీద జేబు పెట్టిన పిల్ల, ఒక్కొక్కటీ కళ్ళముందు కదిలాయి. అడ్డగోడ మీద చెయ్యి ఆనించి నిలబడింది. అవతల తన కూతురు, చేతికందేంత దూరంలో.

"ఇంట్లోవాళ్ళకి చెప్పారా? వాళ్ళేమంటున్నారు?" అని అడిగింది కుర్ర సలహాదారు.

కుర్చీ కిర్రుమంది. తరవాత "మా అమ్మ..." అంది పిచ్చుక, గొంతు తగ్గించి.

ఇన్నేళ్ళుగా ఆవిడ ప్రాణం కొట్టుకున్నది ఆ మాటకోసమే. దాని తరవాత వచ్చే మాట ఏదైనా సరే, తిట్టయినా సరే, వినాలని ఉంది. కానీ ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళు చెప్పేది ఎదురుగా ఉన్నవాళ్ళకి చెప్పేది. గోడలకి చెప్పేది కాదు. ఈ ఉద్యోగంలో ఆవిడ తప్పని నియమం అదొక్కటే. చెప్పులు చేత్తో పట్టుకుని, తలుపు చప్పుడవకుండా తీసి, బయటికి నడిచింది. వరండా మలుపులో మంచినీళ్ళ కూలర్ దగ్గర నిలబడి ఒక గ్లాసు నిండా నీళ్ళు పట్టి, తాగకుండా పారబోసి, మళ్ళీ పట్టింది.

ఆ తరవాత పిచ్చుక ఏం చెప్పిందో ఆవిడకి ఏనాటికీ తెలియలేదు.

కొంతసేపటికి పిల్ల బయటికి వచ్చింది. జుట్టు మెడదాకా కత్తిరించి ఉంది. చేతి వేళ్ళకి సూది గుచ్చుకున్న మచ్చలు. తల్లిని చూసి ఆగిపోయింది.

"భోజనానికి వెళ్ళలేదా?"

"తలనొప్పిగా ఉండి వెళ్ళలేదు."

"విన్నావా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. "తాతగారు నడిచినదాకా విన్నాను. నువ్వు 'మా అమ్మ' అనగానే బయటికొచ్చేశాను."

పిచ్చుక ఆవిడ మొహంలోకి చూసింది. చేతిలో చెప్పులు చూసింది. "నీ దగ్గరికి రాలేదని కోపమొచ్చిందా?"

"కోపం కాదు."

"మరి?"

ఆవిడ చెప్పులు కింద పడేసి కాళ్ళకి తొడుక్కుంది. "మంచి కోర్సు. మంచి టీచర్లున్నారు" అంది చివరికి, ఎవరో విద్యార్థికి చెప్పినట్టు.

"అమ్మా, ఒక్క మాట. ఇక్కడ చదివినన్నాళ్ళూ నా సంగతి నన్నే చూసుకోనీ. మార్కులు అడగొద్దు. టీచర్లతో నా మాట ఎత్తొద్దు. తప్పు చేస్తే చేస్తాను."

"అలాగే."

"నిజంగా?"

"నిజంగానేనే తల్లీ."

పిల్ల మెట్లు దిగి వెళ్ళింది. ఆవిడ గదిలోకి వచ్చి తలుపు పూర్తిగా తీసిపెట్టి, తరవాతి విద్యార్థిని పిలిచింది. ఆ రోజు వచ్చినవాళ్ళకి ఏం చెప్పిందో ఆవిడకే గుర్తులేదు.

ఆ రెండేళ్ళూ ముళ్ళమీద కూర్చున్నట్టు గడిచాయి. ఒకే కాలేజీ, ఒకే మెట్లు. కూతురు వర్క్‌షాపు ఏప్రాన్ కట్టుకుని, జుట్టులో ప్లాస్టర్ పొడితో, స్నేహితులతో కబుర్లాడుతూ ఎదురొచ్చేది. చూసి తలాడించేది. తల్లీ తలాడించేది. టీచర్ల గదిలో ఆ కోర్సు మాట వస్తే లేచి కిటికీ దగ్గరికి పోయేది. పరీక్షల రోజుల్లో కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతూంటే భర్త, "నేనడిగి చెప్పనా?" అనేవాడు.

"వద్దండీ. మాటిచ్చాను."

"నువ్వు కదా ఇచ్చింది, నేనివ్వలేదుగా?"

"మీరడిగినా ఏం చెబుతారు? బానే ఉందంటారు" అని నవ్వేసేది.

రెండో ఏడు మధ్యలో యూనివర్సిటీ ఒక నియమం మార్చింది. ఈ కోర్సు చదివినవాళ్ళు అక్కడ చేరాలంటే ఫిజిక్స్ పాఠం ఒకటి ముందే పూర్తిచేసి ఉండాలట. ఆ కబురు చదవగానే ఆవిడకి పై ప్రాణాలు పైనే పోయాయి. పిచ్చుక ఫిజిక్స్ తీసుకుందా? తీసుకోకపోతే ఒక ఏడు వృథా. ఇచ్చిన మాట ఒకవైపు, పిల్ల ఏడాది ఒకవైపు. అంతలో, ఆ కోర్సులో తన కూతురొక్కతే లేదుగదా, అందరికీ చెప్పడం తన పనేగదా అని తట్టింది. పక్క గదిలోకి వెళ్ళి, అంటీముట్టనట్టు, "కాళ్ళూ చేతుల కోర్సువాళ్ళకి ఫిజిక్స్ నియమం మారింది, చూశావా?" అంది.

"మొన్ననే చూశానక్కా. అందరికీ చెప్పేశాను. అందరూ పేరు రాయించుకున్నారు కూడా" అంది కుర్ర సలహాదారు. అని, ఒక్క క్షణం ఆగి, "అందరూ" అని మళ్ళీ అంది.

ఆవిడ బరువు దిగినట్టు ఊపిరి పీల్చుకుంది. తిరిగి తన కుర్చీలో కూర్చున్నాక మాత్రం ఎక్కడో వెలితిగా అనిపించింది. పిల్లకి కావలసింది ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, తన చేతిమీదుగా అందితే బాగుండునని ఉంది. ఆ ఒక్కటీ కూడా వేరేవాళ్ళ చేతిమీదుగా, సరైన వేళకి, చక్కగా అందింది. ఇందులో బాధపడడానికి ఏముందని తనని తాను మందలించుకుంది. అయినా మనసు మాట వినలేదు.

చదువు చివర విద్యార్థులు తయారుచేసినవి పెద్ద హాల్లో ప్రదర్శనకి పెట్టారు. పిన్ని దుకాణం మూసి వచ్చింది. తండ్రి ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. పిచ్చుక బల్ల ముందు జనం బారు తీరారు. మోకాలి కింద కాలు పోయినవాళ్ళు తొడుక్కునే కృత్రిమ కాలు అక్కడుంది. పైన గిన్నెలా ఉన్న భాగంలో మిగిలిన కాలు దూరుతుంది. దాని లోపలి మెత్తను తనే కత్తిరించి కుట్టిందిట. తల్లి అందరితోపాటు వరసలో నిలబడి, తన వంతు వచ్చాక బల్ల ముందుకు వచ్చింది.

పొద్దుటినుంచీ చెప్పిందే చెబుతున్న పిచ్చుక తల ఎత్తకుండానే అంది: "లోపల చెయ్యి పెట్టి చూడండి. కుట్టు ఎక్కడా తగలదు."

ఆ 'అండి' ఆవిడ చెవిలో పడి, ఎక్కడో లోతుగా దిగింది. మాట్లాడకుండా చెయ్యి లోపల పెట్టింది. మెత్తగా, చల్లగా, ఎక్కడా ఒరుసుకోకుండా ఉంది. వేళ్ళతో ఎంత తడిమినా కుట్టు తగల్లేదు. అప్పుడు పిచ్చుక తల ఎత్తింది.

"చూడమ్మా" అంది, ముందన్న మాట చెరిపేసినట్టు.

"చూశాను. తగల్లేదు."

"నిజం చెప్పు. ఏదైనా ఉంటే చెప్పు."

"ఏమీ లేదే. చెయ్యి తియ్యబుద్ధి కావట్లేదు."

వెనకనున్నవాళ్ళు దగ్గారు. తల్లి చెయ్యి తీసి పక్కకి జరిగింది. పిచ్చుక తరవాతి మనిషికి చెప్పడం మొదలుపెట్టింది గానీ మధ్యలో మోచేత్తో కన్ను ఒత్తుకుంది. అది పిన్ని చూసింది, తండ్రి కూడా చూశాడు. కూతురి దగ్గర మొట్టమొదటిసారి ఆయన కళ్ళు పనిచేశాయి.

యూనివర్సిటీ వేరే ఊళ్ళో. బయల్దేరేముందు పిచ్చుక ఇంటికి వచ్చి కొన్నాళ్ళుంది. చిన్ననాటి గదిలో పడుకుంది. తల్లీకూతుళ్ళు కలిసి బట్టలు మడతపెట్టారు, కూరలు తరిగారు. పాత సంగతి ఇద్దరూ ఎత్తలేదు. ఎత్తితే తేలికయ్యేదో, మళ్ళీ గాయమయ్యేదో ఎవరికీ తెలియదు. రైలెక్కేరోజు పిల్ల తల్లిని వాటేసుకుంది. అలవాటు తప్పిన కౌగిలి. చేతులెక్కడ వేయాలో ఇద్దరికీ తెలియలేదు. పద్దెనిమిదేళ్ళప్పటి పిల్లని సాగనంపి, ఇప్పుడు ఈ పొడుగాటి మనిషిని చూస్తున్నట్టుంది ఆవిడకి. మధ్యలో పెరిగిన పిల్లని పిన్ని చూసింది, దుకాణానికి వచ్చినవాళ్ళు చూశారు, దారిన పోయేవాళ్ళు చూశారు. ఆవిడ బస్సు కిటికీలోంచి చూసింది. ఆ పిల్ల మాత్రం ఇప్పుడు ఇద్దరూ ఎంత మంచిగా ఉన్నా ఇక తిరిగి రాదు.

పిచ్చుక చదువు పూర్తిచేసి అక్కడే పెద్దాసుపత్రిలో, కృత్రిమ అవయవాలు తయారుచేసే విభాగంలో చేరింది. ఫోన్లు ఎక్కువగా తండ్రికే చేసేది. ఒక రోజు మధ్యాహ్నం ఆవిడ గదిలో ఉండగా ఫోను మోగింది.

"అమ్మా, పనిలో ఉన్నావా?"

"లేదు, చెప్పు" అంది ఆవిడ. ఎదురుగా కూర్చున్న విద్యార్థి, మళ్ళీ వస్తానని సైగ చేసి లేచి వెళ్ళాడు.

"ఇక్కడొక పాప ఉందమ్మా. కొత్త కాలు తయారైంది. ముట్టుకోదు, చూడదు, మాట్లాడదు. అందరూ బతిమాలారు. నాకేం చెయ్యాలో తోచట్లేదు. నువ్వయితే ఏం చేస్తావు?"

ఆవిడ ఫోను చెవికి గట్టిగా ఆనించుకుంది. "పాప దగ్గర కాలు ఉందా ఇప్పుడు?" అంది.

"బల్లమీదుంది."

"తీసేయ్. కనబడకుండా పెట్టు. నువ్వు ఏదైనా కుట్టుపని తెచ్చుకుని పక్కన కూచో. ఏమీ అడక్కు. తనే ఏదో ఒకటి అంటుంది. ఇవాళ కాకపోతే రేపు."

"ఏమీ అనకపోతే?"

"అప్పుడు కూడా కూచునే ఉండు. లేచి వెళ్ళిపోయావనుకో, ఆ పిల్ల నిన్ను మళ్ళీ పిలవదు. నీ పక్కన అలా కూచోకుండా లేచి వెళ్ళినదాన్ని నేనే ఒకప్పుడు."

ఆసుపత్రి వరండాలో ఎవరో చక్రాల బండి తోసుకుపోతున్న చప్పుడు వినబడింది.

"సరేనమ్మా" అంది పిచ్చుక కాసేపటికి, చిన్నపిల్ల గొంతుతో. "ఉంటాను. పాపని తీసుకొచ్చారు."

ఫోను ఆగిపోయింది. తిన్నావా అని అడగనేలేదని, ఎప్పుడొస్తావని అడగనేలేదని అప్పుడు గుర్తొచ్చింది ఆవిడకి. మళ్ళీ చేద్దామని ఫోను తీసింది. పాప పక్కన కూర్చుని ఉంటుందని పెట్టేసింది. ఎండ బల్లమీదనుంచి నేలమీదికి జారింది. బయట బెంచీమీద విద్యార్థులు పోగవుతున్నారు. ఆవిడ కళ్ళు తుడుచుకుని, ఇంకాస్తసేపు, ఆ ఊళ్ళో ఆ గదిలో కూతురు ఏం కుడుతూ కూర్చుందో ఊహించుకుంటూ ఉండిపోయింది.